రిజర్వుడు సీటు: పోటీ మనది, తీర్పు ఎవరిది?

ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలో ఓటు ఎవరు వేస్తారు? హాస్టళ్లలో, బస్తీల్లో నడిచే స్టడీ సర్కిళ్లకు వెళ్లినప్పుడు మేము మొదట అడిగే ప్రశ్న ఇదే. చాలామంది తడుముకోకుండా "ఎస్సీలే" అంటారు. 330వ అధికరణం లోక్‌సభకు, 332 అసెంబ్లీలకు అని గడగడా చెప్పే పోటీ పరీక్షల విద్యార్థులు కూడా ఇక్కడ తడబడతారు. రిజర్వుడు సీటులో నిలబడే మనిషి మాత్రమే ఎస్సీ అయి ఉండాలి. ఓటు మాత్రం ఆ నియోజకవర్గంలో పేరున్న ప్రతి ఒక్కరిదీ. కమ్మ, రెడ్డి, వెలమ, కాపు, బీసీ, ముస్లిం, అందరిదీ.

ఇదేదో సాంకేతిక వివరం అనుకుని వదిలేయడానికి లేదు. "మీ వాళ్లకి సీట్లిచ్చాం కదా, మీ వాళ్లే ఏం చేయడం లేదు" అనే మాట మనందరం విన్నదే. మన ఎమ్మెల్యే దళితవాడ మీద దాడి జరిగినప్పుడు ఎందుకు నోరు మెదపడు అని మనలో మనం తిట్టుకోవడమూ మామూలే. ఈ రెండింటికీ జవాబు వ్యక్తుల గుణగణాల్లో కంటే ఆ సీటును తయారుచేసిన పద్ధతిలో ఎక్కువగా ఉంది. ఆ పద్ధతి 1932లో మొదలై 1947లో, 1961లో మలుపులు తిరిగింది. మళ్లీ ఇంకో మలుపు దగ్గరికొచ్చింది కాబట్టి ఈ చరిత్రను ఇప్పుడు చదువుకోవాల్సిన అవసరం ఉంది.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక రిజర్వుడు అసెంబ్లీ సీటులో 2 లక్షల ఓట్లు పోలయ్యాయి. అందులో దళితుల ఓట్లు 50 వేలు. ఇద్దరు అభ్యర్థులు, ఇద్దరూ దళితులే. ఒకరు భూమి కోసం, శ్మశానం కోసం, అట్రాసిటీ కేసుల కోసం తిరిగిన మనిషి. దళిత ఓట్లలో 40 వేలు ఆ మనిషికి పడ్డాయి. రెండో ఆయనకు పడ్డవి 10 వేలే. కానీ మిగతా లక్షా 50 వేల ఓట్లలో లక్ష ఈ రెండో ఆయనకు పడితే, 1,10,000 ఓట్లతో ఆయనే గెలుస్తాడు. దళితుల్లో ప్రతి ఐదుగురిలో నలుగురు వద్దన్న మనిషి దళితుల ప్రతినిధిగా శాసనసభలో కూర్చుంటాడు. ఎక్కడా దొంగ ఓటు లేదు, రిగ్గింగు లేదు. చట్టం ప్రకారం అంతా సక్రమమే.

అంబేడ్కర్ లండన్‌లో, పూనాలో, ఢిల్లీలో కొట్లాడింది ఈ లెక్క మీదే.

రెండు ఓట్లు ఒక ఓటైన కథ

1930 నుంచి 1932 దాకా లండన్‌లో జరిగిన రౌండ్ టేబుల్ సమావేశాలకు అణగారిన వర్గాల తరఫున వెళ్లింది ఇద్దరు: డాక్టర్ అంబేడ్కర్, మద్రాసు నుంచి రెట్టమలై శ్రీనివాసన్. 1932 ఆగస్టు 16న బ్రిటిష్ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ కమ్యూనల్ అవార్డు ప్రకటించాడు. అందులో అణగారిన వర్గాలకు రాష్ట్ర చట్టసభల్లో 71 ప్రత్యేక స్థానాలు వచ్చాయి. అక్కడ నిలబడేదీ వాళ్లే, ఓటు వేసేదీ వాళ్లే. పాఠ్యపుస్తకాలు ఇక్కడిదాకా చెప్పి ఆగిపోతాయి. చెప్పకుండా వదిలేసేది రెండో ఓటు సంగతి. కమ్యూనల్ అవార్డు ప్రకారం దళిత ఓటరుకు తన ప్రత్యేక స్థానంలో ఒక ఓటు, దానికి అదనంగా జనరల్ నియోజకవర్గంలో ఇంకో ఓటు ఉండేవి. అంబేడ్కర్ అన్నిటికంటే విలువైనదిగా చూసింది ఈ రెండో ఓటునే. తమ సొంత ప్రతినిధిని తామే ఎన్నుకుంటూ, జనరల్ అభ్యర్థి కూడా తమ గుమ్మంలోకి వచ్చి అడగక తప్పని పరిస్థితి అది.

ఈ ప్రత్యేక స్థానాలకు వ్యతిరేకంగా గాంధీ సెప్టెంబరు 20న ఎరవాడ జైల్లో నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ నాలుగు రోజుల్లో అంబేడ్కర్ మీద పడ్డ ఒత్తిడి గురించి మన దగ్గర చాలా రాశారు, మేము మళ్లీ రాయం. సెప్టెంబరు 24న పూనా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 71 సీట్లు 148 అయ్యాయి. ఇందులో మద్రాసు రాష్ట్రానికి 30. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసులో భాగం కాబట్టి ఆ 30లో మనకూ వాటా ఉంది. తెలంగాణ నిజాం పాలనలో ఉంది, ఒప్పందం అక్కడికి వర్తించలేదు. తెలుగు దళితుల రాజకీయ చరిత్రను ఒకే దారంగా రాయడం కష్టం కావడానికి ఇదీ ఒక కారణం.

సీట్లు రెట్టింపయ్యాయి కాబట్టి లాభమే కదా అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. లెక్కలో అది నిజమే. బదులుగా పోయింది ఏమిటంటే, ప్రత్యేక ఓటు. సీట్లు ఉమ్మడి నియోజకవర్గాల్లోకి వెళ్లిపోయాయి, తీర్పు అందరి చేతికి వెళ్లిపోయింది. అంబేడ్కర్ చివరి నిమిషం దాకా పట్టుబట్టి ఒక రక్షణ మాత్రం సాధించారు. దాని పేరు ప్రాథమిక ఎన్నిక. రిజర్వుడు స్థానంలో ముందు దళిత ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగురు అభ్యర్థులను ఎంచాలి. ఆ నలుగురి మీద తర్వాత అందరూ ఓటేయాలి. ఈ ఏర్పాటు గడువు పదేళ్లు.

నలుగురు అన్న అంకెలోనే చిక్కు ఉంది. ప్రాథమిక ఎన్నికలో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన మనిషీ, నాలుగో స్థానంలో అతి తక్కువ ఓట్లతో గట్టెక్కిన మనిషీ అసలు ఎన్నికలో సమానమే. ఆధిపత్య కులాల ఓటర్లు నాలుగో మనిషిని ఎత్తుకుంటే చాలు, ఒకటో మనిషి ఇంటికి పోతాడు. పైగా అభ్యర్థులు నలుగురికి మించిన చోటే ప్రాథమిక ఎన్నిక జరిగేది. ఓటు హక్కు కూడా అప్పటికి ఆస్తి, పన్ను, చదువు ఉన్నవాళ్లకే. కూలి చేసుకునే మాల, మాదిగ కుటుంబాల్లో ఓటరు జాబితాకెక్కింది ఎందరో ఊహించుకోవచ్చు.

1945 డిసెంబరు, 1946 మొదటి నెలల్లో జరిగిన ఎన్నికల్లో ఇది బట్టబయలైంది. ప్రాథమిక ఎన్నికల్లో దళిత ఓటర్లు ముందు నిలబెట్టిన షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ అభ్యర్థులు అసలు ఎన్నికల్లో వెనకబడ్డారు. 151 రిజర్వుడు స్థానాల్లో ఫెడరేషన్‌కు దక్కినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆ ఫలితాలు చూపించే, దళితులకు ప్రతినిధి కాంగ్రెస్సే అని ఢిల్లీలో అధికార బదిలీ చర్చలు నడిచాయి. 1946 జూలైలో ఫెడరేషన్ పూనాలో సత్యాగ్రహానికి దిగింది దీనికి నిరసనగానే. అంబేడ్కర్‌కు సొంత బొంబాయి నుంచి రాజ్యాంగ సభకు వెళ్లే దారి లేకపోయింది. జోగేంద్రనాథ్ మండల్ లాంటి నామశూద్ర నాయకుల అండతో బెంగాల్ నుంచి ఎన్నికై వెళ్లారు.

నాగప్ప అడిగిన 35 శాతం

1947 మార్చిలో అంబేడ్కర్ రాజ్యాంగ సభ ఉపసంఘానికి ఇచ్చిన "రాష్ట్రాలు - మైనారిటీలు" పత్రంలో పూనా ఒప్పందపు ఎన్నికల పద్ధతిని రద్దు చేసి ప్రత్యేక ఓటు ఇవ్వాలని కోరారు. కానీ ఆగస్టు నాటికి దేశం రెండు ముక్కలైంది. ప్రత్యేక ఓటు అనే మాటే విభజనకు పర్యాయపదంగా మారిపోయింది. అదే నెలలో సర్దార్ పటేల్ అధ్యక్షుడిగా ఉన్న సలహా సంఘం ఉమ్మడి నియోజకవర్గాలు, వాటిలో రిజర్వుడు సీట్లు అనే ప్రతిపాదనతో సభ ముందుకు వచ్చింది.

ఆగస్టు 28న ఒక తెలుగు దళితుడు ఆ సభలో లేచి నిలబడ్డాడు. మద్రాసు రాష్ట్రం తరఫున వెళ్లిన కర్నూలు నాయకుడు ఎస్. నాగప్ప. ఆయన కాంగ్రెస్ సభ్యుడు, ఫెడరేషన్ మనిషి కాదు. ఆయన తెచ్చిన సవరణ చాలా చిన్నది: ఎస్సీ రిజర్వుడు సీటులో గెలిచినట్టు ప్రకటించాలంటే, ఆ అభ్యర్థికి పోలైన ఎస్సీ ఓట్లలో కనీసం 35 శాతం వచ్చి ఉండాలి. ప్రత్యేక ఓటు అడగలేదు. అందరూ ఓటేయండి, కానీ సొంత జనంలో మూడో వంతు కూడా నమ్మని మనిషిని వాళ్ల ప్రతినిధి అనకండి అన్నదే దాని సారాంశం. పటేల్ ఒప్పుకోలేదు. సవరణ నిలవలేదు.

తెలుగు సివిక్స్ పుస్తకాల్లో రాజ్యాంగ సభ సభ్యులుగా పట్టాభి సీతారామయ్య, దుర్గాబాయి పేర్లు ఉంటాయి. ఉండాల్సిందే. నాగప్ప పేరు మాత్రం మాకు ఏ తరగతిలోనూ తగల్లేదు. పీహెచ్‌డీ కోసం సభ చర్చల సంపుటాలు తిరగేస్తున్నప్పుడే తగిలింది.

ఆనాడు దళిత సభ్యులందరూ ఒకే మాట మీద ఉన్నారనుకుంటే అదీ నిజం కాదు. సభలోని ఏకైక దళిత మహిళ, కొచ్చిన్ నుంచి వచ్చిన దాక్షాయణి వేలాయుధన్ ప్రత్యేక ఓటును గట్టిగా వ్యతిరేకించారు. రిజర్వుడు సీట్ల మీద కూడా ఆమెకు నమ్మకం లేదు. ఆర్థికంగా బానిసలుగా ఉన్నంతకాలం ఏ రకం ఓటు ఇచ్చినా పెద్ద తేడా ఉండదని ఆమె ఆలోచన. భూమి లేని జనం, దొర పొలంలో పని చేస్తూ దొర చెప్పినవాడికి ఓటేయాల్సి వచ్చే జనం కళ్ల ముందు కనబడుతుంటే ఆ మాటను తీసిపారేయలేం. అయితే ఆమె అడిగిన ఆర్థిక మార్పూ రాలేదు, నాగప్ప అడిగిన 35 శాతమూ రాలేదు. రెండూ లేని సీటు మిగిలింది.

పదేళ్ల గడువు దేనికి?

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్లక తప్పదు. "అంబేడ్కరే రిజర్వేషన్లు పదేళ్లు చాలన్నాడు" అనే మాట వాట్సాప్‌లో తిరగని రోజు ఉండదు. పదేళ్ల గడువు ఉన్నది 334వ అధికరణంలో. అది చట్టసభల సీట్లకు మాత్రమే. ఉద్యోగాలకు సంబంధించిన 16(4)లో గడువు లేదు. చదువులకు సంబంధించిన 15(4)ను 1951లో మొదటి రాజ్యాంగ సవరణతో చేర్చారు, అందులోనూ గడువు లేదు. చట్టసభల గడువు విషయంలో కూడా అంబేడ్కర్ 1949 ఆగస్టులో సభలో చెప్పింది వేరు. వ్యక్తిగతంగా తాను ఇంకా ఎక్కువ కాలం ఇవ్వడానికి సిద్ధమని, సభ పదేళ్లకే ఒప్పుకుంది కాబట్టి సరేనన్నానని ఆయన చెప్పారు.

ఆ పదేళ్లను 1959 చివర్లో ఎనిమిదో సవరణ మొదలుకుని 2019లో 104వ సవరణ దాకా ఏడుసార్లు పొడిగించారు. ఇప్పటి గడువు 2030 జనవరితో ముగుస్తుంది. ప్రతిసారీ దాదాపు చర్చ లేకుండానే పొడిగింపు జరిగిపోతుంది. ఏ పార్టీ వ్యతిరేకించదు. అంత సులువుగా ఒప్పుకుంటున్నారంటే ఆ ఏర్పాటు ఎవరికి ఇబ్బంది కలిగించడం లేదో ఆలోచించాల్సిందే. 1955లో అంబేడ్కర్ నాయకత్వంలోని షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ కార్యవర్గమే చట్టసభల్లో రిజర్వుడు సీట్లు రద్దు చేయాలని తీర్మానించింది. రిజర్వేషన్ వ్యతిరేకులు ఈ తీర్మానాన్ని పట్టుకుని ఊగుతారు. వాళ్లకు ముందువెనకలు పట్టవు. మూడేళ్ల ముందు బొంబాయిలో, ఏడాది ముందు భండారాలో ఏం జరిగిందో చూస్తే ఆ తీర్మానం ఎందుకు పుట్టిందో తెలుస్తుంది.

రెండు పెట్టెలు, ఇద్దరు సభ్యులు

మొదటి రెండు సార్వత్రిక ఎన్నికల్లో రిజర్వుడు సీట్లు ఇప్పటిలా విడిగా ఉండేవి కావు. 1951-52లో లోక్‌సభకు 401 నియోజకవర్గాలు, 489 సీట్లు. అందులో 86 ద్విసభ్య నియోజకవర్గాలు. అంటే ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు సభ్యులు, ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడు. ఉత్తర బెంగాల్‌లో ఒకటి మాత్రం ముగ్గురు సభ్యులది. ఓటరుకు రెండు ఓట్లు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. రెండు ఓట్లూ వేర్వేరు అభ్యర్థులకే వేయాలి. లెక్కింపులో ముందుగా ఎస్సీ అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకు రిజర్వుడు సీటు ఇస్తారు. ఆ తర్వాత మిగిలిన అందరిలో, కులంతో పనిలేకుండా, ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకు రెండో సీటు. ఈ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

రాజ్యాంగ ముసాయిదా కమిటీ అధ్యక్షుడు, దేశపు మొదటి న్యాయశాఖ మంత్రి అయిన అంబేడ్కర్ 1952లో ఉత్తర బొంబాయి ద్విసభ్య నియోజకవర్గంలో రిజర్వుడు సీటుకు నిలబడి ఓడిపోయారు. గెలిచింది కాంగ్రెస్ తరఫున నారాయణ్ కాజ్రోల్కర్. ఆయనా దళితుడే. తేడా 14 వేల పైచిలుకు ఓట్లు. 1954 ఉప ఎన్నికలో భండారాలోనూ అంబేడ్కర్ ఓడిపోయారు. లోక్‌సభ గడప ఆయన ఎన్నడూ తొక్కలేదు, రాజ్యసభకే వెళ్లారు. దేశంలో దళితుల గొంతు ఎవరిదంటే ఎవరైనా చెప్పగలిగే పేరును దళితుల కోసం పెట్టిన సీటే ఓడించింది.

అదే ఎన్నికలో ఫెడరేషన్ దేశం మొత్తం మీద రెండే లోక్‌సభ సీట్లు గెలిచింది. ఒకటి షోలాపూర్‌లో పి.ఎన్. రాజ్‌భోజ్. రెండోది మన కరీంనగర్. అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలోని ఆ ద్విసభ్య నియోజకవర్గం నుంచి పీడీఎఫ్ తరఫున బద్దం ఎల్లారెడ్డి, ఫెడరేషన్ తరఫున ఎం.ఆర్. కృష్ణ లోక్‌సభకు వెళ్లారు. రెండు ఓట్ల పద్ధతిలో ఒక మేలు ఇదే. మీ రెండో ఓటు మా మనిషికి, మా రెండో ఓటు మీ మనిషికి అనే మార్పిడి కుదిరిన చోట దళిత పార్టీ సొంత గుర్తుతో గెలవగలిగేది. తెలంగాణ సాయుధ పోరాటం ఆరిన వేడి ఇంకా ఉన్న కరీంనగర్‌లో ఆ మార్పిడికి వాతావరణం కుదిరింది. బొంబాయిలో కుదరలేదు.

ఇక ఆ చివరి వాక్యం సంగతి. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో ఒక సీటు ఎస్టీలకు రిజర్వు. అప్పటికే కేంద్రంలో కార్మిక మంత్రిగా పనిచేసిన వి.వి. గిరి అక్కడ జనరల్ సీటుకు పోటీపడ్డారు. అత్యధిక ఓట్లు వచ్చిన గిరిజన అభ్యర్థి బిడ్డిక సత్యనారాయణకు రిజర్వుడు సీటు దక్కింది. మిగిలినవాళ్లలో ఎవరికి ఎక్కువ వచ్చాయని చూస్తే, అక్కడా గిరిజనుడే, డిప్పల సూరిదొర. గిరి కంటే 565 ఓట్లు ఎక్కువ. రెండు సీట్లూ గిరిజనులకే వెళ్లాయి. రిజర్వుడు సీటు కోసం నిలబడ్డ గిరిజనుడికి జనరల్ సీటు ఎలా ఇస్తారని గిరి కోర్టుకెక్కారు. 1959లో సుప్రీంకోర్టు సూరిదొర వైపే తీర్పు చెప్పింది. జనరల్ సీటు అంటే అగ్రవర్ణాలకు రిజర్వు చేసిన సీటు కాదు, అది అందరిదీ. తర్వాత రాష్ట్రపతి అయిన మనిషిని ఓడించిన ఈ 565 ఓట్ల కథ మన్యం జిల్లా పిల్లలకు ఎంతమందికి తెలుసో మాకు అనుమానమే.

తీర్పు వచ్చిన రెండేళ్లకు, 1961లో, ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. పార్లమెంటులో చెప్పిన కారణాలు వేరు: నియోజకవర్గాలు మరీ పెద్దవి, తిరగడం కష్టం, ఖర్చు ఎక్కువ. అవి అబద్ధాలని మేము అనడం లేదు. ఏడెనిమిది లక్షల జనాభాకు ఒక సభ్యుడే కష్టం, దానికి రెట్టింపు నియోజకవర్గంలో పేద దళిత అభ్యర్థి తిరగగలడా? కానీ జనరల్ సీటు కూడా చేజారిపోవచ్చని పార్వతీపురం చూపించిన తర్వాతే ఈ ఇబ్బందులు అంత తొందరగా గుర్తుకు రావడాన్ని పరిశోధకులు చాలామంది గమనించారు. 1962 నుంచి రిజర్వుడు సీటు విడిపోయింది. ఇక అక్కడ దళితుడు తప్ప ఎవరూ నిలబడలేరు. మరో పక్క, జనరల్ సీటులో దళితుడు నిలబడటానికి చట్టం అడ్డు లేకపోయినా పార్టీలు టికెట్ ఇవ్వడం దాదాపు మానేశాయి. మీకు మీ సీటు ఉంది కదా అనే మాట అప్పటి నుంచే స్థిరపడింది.

ఇప్పుడున్న సీటు

లోక్‌సభలో 543లో 84 ఎస్సీ, 47 ఎస్టీ సీట్లు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175లో 29 ఎస్సీ, 7 ఎస్టీ. తెలంగాణలో 119లో 19 ఎస్సీ, 12 ఎస్టీ. రాజ్యసభలో, శాసన మండళ్లలో రిజర్వేషన్ లేదు.

సీట్ల సంఖ్య జనాభా దామాషాలో ఉంటుంది. ఏ నియోజకవర్గం రిజర్వు కావాలన్నదానికి ఎస్టీలకు ఒక నియమం, ఎస్సీలకు ఇంకొకటి. ఎస్టీ జనాభా శాతం అత్యధికంగా ఉన్న చోట్లను ఎస్టీలకు కేటాయిస్తారు. ఎస్సీల విషయంలో శాతం ఎక్కువున్న ప్రాంతాలను చూస్తూనే, రాష్ట్రం నలుమూలలా పంచాలి. ఊరి చివర వాడలుగా, ప్రతి ఊళ్లోనూ కొందరిగా బతికే మన జనానికి ఎటు చూసినా రిజర్వుడు సీటులో కూడా మైనారిటీగానే ఉండే పరిస్థితి వస్తుంది. అరకులో గిరిజన ఓటరుకు ఉన్న బలం అమలాపురంలో దళిత ఓటరుకు లేదు.

ప్రధాన పార్టీలన్నీ దళితులనే నిలబెట్టక తప్పదు కాబట్టి దళిత ఓటు పార్టీల మధ్య చీలిపోతుంది. గెలుపును తేల్చేది మిగతా ఓటు, దాన్ని నడిపించే డబ్బు, టికెట్ ఇచ్చే అధిష్ఠానం. పార్లమెంటు సీటుకైతే దేశంలో ఏ రాష్ట్రపు ఎస్సీ అయినా నిలబడవచ్చు, అసెంబ్లీకి మాత్రం ఆ రాష్ట్రపు ఎస్సీ అయి, రాష్ట్రంలో ఎక్కడైనా ఓటరైతే చాలు. అంటే నియోజకవర్గంతో ఏ సంబంధమూ లేని మనిషిని తెచ్చి దించవచ్చు. గెలిచాక 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద పార్టీ విప్ దాటితే సభ్యత్వమే పోతుంది. మండలాల్లో పెత్తనం వేరే కులాల చేతుల్లో ఉంటుంది. అలాంటి ఎమ్మెల్యే వాడ మీద దాడి జరిగినప్పుడు స్టేషన్‌కు వెళ్లి ఎఫ్ఐఆర్ కోసం పట్టుబట్టాలంటే తనను గెలిపించిన ఓటుకే ఎదురెళ్లాలి. పూనా ఒప్పందానికి యాభై ఏళ్లు నిండిన 1982 సెప్టెంబరు 24న కాన్షీరామ్ వెలువరించిన "చంచా యుగం" పుస్తకం ఎత్తిచూపింది ఈ బంధాన్నే.

అలాగని ఈ సీట్లతో ఒరిగిందేమీ లేదని తేల్చేయడం మాకు ఇష్టం లేదు. ఫ్రాన్సెస్కా జెన్సేనియస్ అనే రాజనీతి శాస్త్రవేత్త 2017లో వెలువడిన తన పుస్తకంలో రిజర్వుడు, జనరల్ నియోజకవర్గాలను పోల్చి చూశారు. అభివృద్ధి సూచికల్లో రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. దళిత ఎమ్మెల్యేలు దళితులకు ప్రత్యేకంగా చేయలేకపోతున్నారనడానికి ఇది ఆధారం. దళితుడు పాలిస్తే ఊరు చెడిపోతుందనే కుల అహంకారానికి కూడా ఇదే జవాబు. సీట్లే లేకపోతే సభలో ఎంతమంది దళితులు ఉండేవాళ్లో చూడాలంటే రిజర్వేషన్ లేని చోట్ల లెక్కపెట్టుకుంటే చాలు.

ఇంకో రెండు సంగతులు చెప్పి ముందుకు వెళతాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం తీసుకున్న దళితులు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు, ఎస్సీ సీటులో నిలబడలేరు. వాడలో పక్కపక్క ఇళ్లలో ఉంటూ ఒకే వివక్ష అనుభవించే ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకరికి ఉన్న అర్హత ఇంకొకరికి ఉండదు. రెండోది, వర్గీకరణను సమర్థిస్తూ 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదువులు, ఉద్యోగాలకు సంబంధించినది. చట్టసభ సీట్లలో మాల, మాదిగ, ఉపకులాల వాటా గురించి చట్టంలో ఏమీ లేదు, అది పార్టీల దయ మీదే ఉంది.

పంచాయతీల్లో కథ వేరు. 73వ సవరణ తర్వాత సర్పంచ్ పదవుల రిజర్వేషన్ వంతులవారీగా మారుతుంది, మూడో వంతుకు తగ్గకుండా మహిళలకూ ఉంటుంది. అక్కడ ప్రతిఘటన నేరుగా ఉంటుంది. తమిళనాడు మేలవలవులో రిజర్వుడు పదవికి ఎన్నికైన పంచాయతీ అధ్యక్షుడు మురుగేశన్‌ను, మరో ఐదుగురిని 1997 జూన్‌లో నరికి చంపారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలు ఇక్కడ పనికొస్తాయి. ఫలానా వాళ్లకే ఓటేయమని బెదిరించడం, నామినేషన్ వేయనివ్వకపోవడం, వెనక్కి తీసుకోమని ఒత్తిడి చేయడం సెక్షన్ 3(1)(ఎల్) కింద నేరం. ఎన్నికైన సర్పంచ్‌నో వార్డు సభ్యుణ్ణో విధులు చేయనివ్వకుండా అడ్డుకోవడం 3(1)(ఎం) కింద నేరం. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు. కుర్చీలో కూర్చోనివ్వలేదని, సంతకం బలవంతంగా పెట్టించారని వచ్చే సర్పంచ్‌లను తీసుకుని స్టేషన్‌కు వెళ్లే కార్యకర్తలు ఫిర్యాదులో ఈ సెక్షన్లను పేరు పెట్టి రాయాలి.

ముందున్న రెండు తేదీలు

2030 జనవరిలో 334వ అధికరణం గడువు తీరుతుంది. దానికి తోడు నియోజకవర్గాల పునర్విభజన. ఇప్పుడున్న హద్దులు 2001 జనాభా లెక్కల ఆధారంగా జస్టిస్ కుల్‌దీప్ సింగ్ కమిషన్ గీసినవి, 2008లో ఖరారయ్యాయి. 84వ సవరణ ప్రకారం రాష్ట్రాలకు సీట్ల పంపకం 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా మారదు. చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లిచ్చే 2023 నాటి 106వ సవరణ కూడా అప్పటి పునర్విభజనతోనే ముడిపడి ఉంది. ఎస్సీ సీట్లలో మూడో వంతు దళిత మహిళలకు వస్తాయి. దక్షిణాది రాష్ట్రాలకు సీట్లు తగ్గుతాయా అనే చర్చ టీవీల్లో జోరుగా ఉంది. దళిత జనాభాను ఏ గీత ఎక్కడ కోస్తుంది, ఏ సీటు రిజర్వు నుంచి పోతుంది, ఏది వస్తుంది అనే చర్చ మాత్రం ఎక్కడా వినపడటం లేదు.

దీనికి విద్యార్థులు చేయగల పని ఒకటుంది, మేము కొందరితో కలిసి మొదలుపెట్టాం. ప్రతి ఎన్నిక తర్వాత పోలింగ్ కేంద్రం వారీగా ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో తెలిపే ఫలితాల పత్రం ఉంటుంది. దాని పేరు ఫారం 20. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మీ నియోజకవర్గంలో ఎస్సీ కాలనీలు ఎక్కువగా ఉన్న కేంద్రాలు ఏవో స్థానికులకు తెలుసు. రెండూ పక్కన పెట్టుకుని చూడండి. నాగప్ప అడిగిన 35 శాతం మీ ఎమ్మెల్యేకు ఆ కేంద్రాల్లో వచ్చిందా? ఒకే కేంద్రంలో వాడా ఊరూ కలిసి ఉంటాయి కాబట్టి ఇది ఉజ్జాయింపే, ఖచ్చితమైన లెక్క కాదు. అయినా పది నియోజకవర్గాలకు చేస్తే ఒక బొమ్మ కనబడుతుంది.

ఆ లెక్కలు పుస్తకంలో పెట్టుకోవడానికి మాత్రమే కాదు. 2002 నాటి డీలిమిటేషన్ చట్టం ప్రకారం కమిషన్ ముందు ముసాయిదాను గెజిట్‌లో ప్రచురించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, బహిరంగ విచారణలు జరపాలి. కమిషన్‌కు సాయంగా ఒక్కో రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు అనుబంధ సభ్యులుగా ఉంటారు. వాళ్లకు అందులో ఓటు లేదు, కానీ భిన్నాభిప్రాయం నమోదు చేయవచ్చు, దాన్ని ముసాయిదాతో పాటే ప్రచురించాలి. తుది ఉత్తర్వు వచ్చాక 329వ అధికరణం కారణంగా కోర్టుల్లో సవాలు చేయడానికి దారి చాలా ఇరుకు. అంటే గ్రామాల పేర్లతో, అంకెలతో మాట్లాడగలిగేది ముసాయిదా వెలువడిన ఆ కొద్ది వారాల్లోనే. కొత్త పునర్విభజనకు కొత్త చట్టం చేసినప్పుడు మొదట చూడాల్సింది ఈ ప్రచురణ, బహిరంగ విచారణ నిబంధనలు అందులో ఉన్నాయా లేవా అన్నదే.